ఆ సూదులు మా ఆవిడవండీ

మళ్ళీ చప్పటి కాఫీయేనా వదినా?

పొద్దున్న ఇచ్చినప్పుడు పోనీలే, మీ కోడలు పిల్ల చక్కెర వెయ్యడం మరిచిపోయిందనుకున్నాను. మధ్యాహ్నం అందరి పళ్ళేల్లోనూ మిఠాయి పెట్టి నా పళ్ళెంలో మాత్రం కీరదోస ముక్కలు పెట్టింది. అదీ మింగాను. ఇప్పుడు ఇదీ! పైగా ఆ పిల్ల నా వీపు నిమిరి "అలవాటైపోతుందిలే అత్తయ్యా" అంటుందే! ఏం అలవాటైపోతుందమ్మా నాకు?

వద్దొద్దు, మీరు లేవకండి. తల కదపొద్దన్నాడుగా డాక్టరు. గట్టిగా నవ్వొద్దన్నాడు, ఏడవొద్దన్నాడు, తుమ్మొద్దన్నాడు. నేను చెప్పబోయేది వింటే మీకు ఆ మూడూ వస్తాయి. కాస్త ఆపుకోండి మరి. ఏదీ, నేనే ఇటొస్తాను, కంటి కట్టు జారింది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఉండండి, తలుపు దగ్గరగా వేసొస్తాను. మీ తమ్ముడు పక్క గదిలో కునుకు తీస్తున్నారు. అలిసిపోయారు పాపం! రోగిష్టి పెళ్ళాన్ని విమానంలో ఇంత దూరం తీసుకురావడమంటే మాటలా?

వదినా, నాకు షుగరు లేదు.

కట్టు లేని ఆ ఒక్క కన్నూ అంత పెద్దది చెయ్యకండి, నొప్పెడుతుంది. లేదంటే లేదు. నా ఒంట్లో ఉన్నదల్లా నడుము నొప్పీ, మీ తమ్ముడి మీద కోపమూ. షుగరు ఆయనకి. మాత్రలతో మొదలై సూది దాకా వచ్చింది.

ఆ... నమ్మబుద్ధి కావట్లేదు కదూ? ఎలా నమ్ముతారు! డ్రిల్లు మాస్టారాయె. పిల్లలు రాకముందే మైదానానికి చుట్లు కొట్టేవారాయె. మెట్లెక్కి ఆయాసపడ్డ ప్రతివాడికీ నిలబెట్టి పాఠం చెప్పేవారాయె. ఆయనకి షుగరా! స్కూల్లో తెలిస్తే? వీధిలో తెలిస్తే? అన్నిటినీ మించి, మీకు తెలిస్తే?

మీకు షుగరని తెలిసినరోజు ఫోనులో ఆయన వేసిన కేకలు మీకు గుర్తుండే ఉంటాయి. "నోరు కట్టుకోలేక తెచ్చుకున్నావక్కా" అన్నారు. మీరు ఫోను పెట్టేశారు. నేనప్పుడు మిషను మీద యూనిఫాం నిక్కర్లు కుడుతున్నాను. ఆ మాట విని మిషను ఆపేశాను. తోడబుట్టినదాన్ని అనే మాటేనా అది? "ఏంటండీ ఆ మాటలు" అంటే, "నిజం చేదుగానే ఉంటుంది" అని నామీదికొచ్చారు.

ఆ చేదు ఏడాది తిరక్కుండా ఆయన ఒంట్లోకే వచ్చింది. చేదు కాదులెండి, తీపి!

ఇక చూస్కోండి దాపరికం. మా ఫ్రిజ్జులో వెనకాల పాత ఐస్‌క్రీం డబ్బా ఒకటుంది. అందులో ఇన్సులిన్. డబ్బా మీద మీ తమ్ముడు స్వహస్తాలతో "బొత్తాలు" అని రాశారు. ఫ్రిజ్జులో బొత్తాలేంటని ఎవరైనా అడగరూ? దర్జీ ఇల్లు కదా, ఎక్కడైనా ఉంటాయట! సూది పొడుచుకోవాలంటే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకుంటారు. సూది చప్పుడు బయటికి వినపడుతుందని భయమో ఏమో!

సరే, ఆ బాగోతం మా నాలుగు గోడల మధ్యే ఉండేది. మీ కంటి ఆపరేషనని కబురొచ్చింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "విమానంలో వెళ్దాం" అన్నారు. రైలులో పై బెర్తు దొరికితేనే ఖర్చు దండగ అనే మనిషి!

బయల్దేరేముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఇన్సులిన్ విమానం కింది సామాన్లలో వెయ్యొద్దు, అక్కడి చలికి గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. పెట్టె తప్పిపోతే అసలే ఉండదు. చేతి సంచీలో పెట్టుకోండి. కావలసినదానికంటే ఎక్కువే తీసుకెళ్ళండి. విమానాశ్రయంలో సోదా చేసేచోట వాళ్ళడక్కముందే మీరే చెప్పి ఈ చీటీ చూపించండి. షుగరు పడిపోతే చప్పరించడానికి జేబులో గ్లూకోజు బిళ్ళలు ఉండాలి. అన్నం ఎదురుగా ఉంటే తప్ప సూది వేసుకోవద్దు. ఇన్ని చెప్పాడు. మీ తమ్ముడు అన్నిటికీ బుద్ధిగా తలూపారు, ఇన్‌స్పెక్టరు ముందు హెడ్‌మాస్టరు ఊపినట్టు.

ఇంటికొచ్చాక ఏమన్నారో తెలుసా? "చేతి సంచీ అన్నాడు గానీ ఎవరి చేతి సంచీ అని అన్నాడా?"

అంతే! నా సంచీలోంచి నా శాలువా, నా దువ్వెన, నా కళ్ళజోడు పెట్టె, అన్నీ కింద సామాన్లలోకి పోయాయి. ఐస్ ముద్దలు, ఇన్సులిన్ పెన్నులు, సూదులు, రక్తం చూసే మిషను నా సంచీలోకొచ్చాయి. చీటీ ఒక్కటి ఆయన జేబులో, దాని మీద ఆయన పేరుందిగా! గ్లూకోజు బిళ్ళలా? "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. మనుషులు గ్లూకోజు బిళ్ళలు చూసి ఏమనుకుంటారు వదినా? బాంబులనుకుంటారా?

విమానాశ్రయానికి చేరగానే మరుగుదొడ్డి వెతుక్కుని వెళ్ళారు. వెళ్ళి సూది వేసుకొచ్చారు. "అన్నం ఎదురుగా ఉంటే తప్ప వద్దన్నాడు కదండీ" అంటే, "సోదా అయిపోగానే లోపల హోటలుంది. నువ్వు నాకు చెప్పకు" అన్నారు. సరే, చెప్పలేదు. చెబితే వినే చెవులా అవి?

సోదా వరసలో నిలబడ్డాం. అందరి సంచీలూ ఆ మిషను కడుపులోకి వెళ్ళి బయటికొస్తున్నాయి. నాది రాలేదు. లోపలే ఆగింది. ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ ముందుకెళ్ళింది. నా గుండె దానితో పాటే! యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి "ఈ సంచీ ఎవరిది?" అంది. పక్కకి చూశాను. మీ తమ్ముడు పైకప్పుకి ఉన్న దీపాలు పరిశీలిస్తున్నారు. "నాదేనమ్మా" అన్నాను. సంచీ నాదే కదా మరి!

ఆ పిల్ల తలెత్తి ఆయన్ని చూసింది. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టింది. "మాస్టారూ!" అని.

తీరా చూస్తే ఆయన దగ్గర పరుగు నేర్చుకున్న పిల్ల. కప్పు తెచ్చిన రిలే జట్టులో చివరి వంతు పరిగెత్తిందట. మీ తమ్ముడు ఛాతీ విరుచుకున్నారు. కడుపు లోపలికి లాక్కున్నారు. ఆ తర్వాత గుర్తొచ్చింది సంచీలో ఏముందో. ఆ మొహం మీరు చూసుండాల్సింది వదినా!

"ఈ సూదులేంటి మాస్టారూ?" అని అడిగింది.

"మా ఆవిడ దర్జీ అమ్మా. సూదులు లేందే గడప దాటదు" అన్నారు.

ఇన్నేళ్ళుగా కుడుతున్నాను. పొట్టలో గుచ్చుకునే సూదితో నేనెప్పుడూ కాజాలు కుట్టలేదు!

ఆ పిల్ల నవ్వింది. "ఇవి ఇన్సులిన్‌వి మాస్టారూ. మా నాన్నకీ ఇవే" అంది. ఒక్క క్షణం. ఒకే ఒక్క క్షణం ఆయనకి అవకాశం ఉంది వదినా. "అవునమ్మా, నావే" అంటే అయిపోయేది. ఆ పిల్ల తండ్రికీ ఉందని చెప్తోంది కదా, ఏమనుకుంటుంది?

"అదేనమ్మా. ఆ సూదులు మా ఆవిడవి. ఆవిడకే షుగరు."

నేను తలతిప్పి ఆయన్నే చూశాను.

"డాక్టరు చీటీ ఉందా?" అంది ఆ పిల్ల. మీ తమ్ముడు జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయారు. చూసేవాళ్ళకి పెళ్ళాం ఆరోగ్యం మీద బెంగతో గుండె పట్టుకున్నట్టే ఉంది. ఆ చేతి కింద చీటీ ఉంది. తియ్యలేరు. "ఇంట్లో మరిచిపోయింది. మతిమరుపు" అన్నారు. చూశారా, షుగరుకి తోడు మతిమరుపు కూడా నాకే!

చీటీ లేకపోయేసరికి పెద్ద ఆఫీసరు రావాలన్నారు. ఆయనొచ్చేదాకా బల్ల పక్కన నిలబడ్డాం. వచ్చి ఒక్కో పెన్నూ తిప్పి చూశాడు. కరుగుతున్న ఐస్ ముద్దల్ని గుడ్డతో తుడిచి ఆ గుడ్డని ఇంకేదో మిషనులో పెట్టారు. ఇటు కాలం గడుస్తోంది, అటు ఆయన ఒంట్లో వేసుకున్న సూది పని చేసుకుంటూ పోతోంది. ఆ పిల్ల ఈలోగా నాకు హితబోధ మొదలెట్టింది. "మాస్టారి ఇంట్లో ఉండి కూడా షుగరెలా తెచ్చుకున్నారమ్మా? ఆయన చెప్పినట్టు నడవరా?" అని.

దానికి మీ తమ్ముడి సమాధానం వినండి. "చెప్తే వినదమ్మా."

చెప్తే వినదట!

నవ్వకండి వదినా, కట్టు కదులుతుంది. నేనూ అక్కడే ఆ సూదుల్లో ఒకటి తీసి గుచ్చేదాన్నే, చుట్టూ తుపాకులున్నాయని ఊరుకున్నాను.

మొత్తానికి మాస్టారి మాట మీద గౌరవంతో వదిలేశారు. అప్పటికే మా విమానం పిలుపు అయిపోవస్తోంది. హోటలూ లేదు, తిండీ లేదు. ఆ పిల్ల ఫోను చేసి చక్రాల కుర్చీ తెప్పించింది. నాకే! "అమ్మ నడవలేరు, త్వరగా తీసుకెళ్ళండి" అంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఒకబ్బాయి తోసుకుంటూ పరిగెత్తాడు. మీ తమ్ముడు రెండు సంచీలూ భుజాన వేసుకుని నా వెనకాల పరుగు. ఖాళీ కడుపు, ఒంట్లో ఇన్సులిన్, పైన ఆ పరుగు. వెనక్కి తిరిగి "ఏమండీ, మీరు ఏదైనా తినండి" అని అరిచాను. "నువ్వు మాట్లాడకు, నీరసం వస్తుంది" అని తిరిగి అరిచారు. చుట్టూ జనం ఉన్నారుగా మరి!

విమానం ఎక్కాం. తలుపులు మూశారు. పట్టీలు పెట్టుకోమన్నారు. పైకి ఎగిరేదాకా తిండి ఇవ్వరట. ఎగరడానికి మా ముందు ఇంకా చాలా విమానాలున్నాయట. అలా నేల మీదే కూర్చున్నాం.

ముందు ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చల్లగాలి మొహాన కొడుతున్నా సరే. తర్వాత విసుక్కోవడం మొదలెట్టారు. ముందు సీటాయన తల పెద్దదిగా ఉందట! చేతులు చూశాను. వణుకుతున్నాయి. నాకు అర్థమైంది. విమానంలో పనిచేసే అమ్మాయిని పిలిచాను. ఆ అమ్మాయి అడక్కముందే గ్లాసుతో పండ్ల రసం తెచ్చింది. "మీకే అమ్మా. మీకు షుగరని చెప్పి కింది నుంచి ఫోను చేశారు. పడిపోతున్నట్టుంటే ఇది తాగండి" అంది.

పడిపోయేవాడు నా పక్కనే ఉన్నాడు. రసం నా చేతికిచ్చింది!

"తాగండి" అని ఆయన నోటి దగ్గర పెట్టాను. తోసేశారు. "నీకిచ్చింది నువ్వు తాగు. అందరూ చూస్తున్నారు" అన్నారు. మాట ముద్దగా వచ్చింది వదినా. నాలుక తిరగట్లేదు. కళ్ళు నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాయి. ఎవరు చూస్తున్నారండీ, ఎవరికి కావాలండీ మన షుగరు, అని బతిమాలాను. చెయ్యి విదిలించారు. సగం రసం చొక్కా మీద పడింది.

ఆ తర్వాత పట్టీ ఊడదీసి లేచి నిలబడ్డారు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదారు. ఈల రాలేదు, గాలే వచ్చింది. "వరసలో నిలబడండి! చేతులు చాపండి!" అని కేక.

వెనక సీట్లో ఒక పెద్దాయన పాపం నిజంగానే చెయ్యి చాపాడు.

అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "మీవారు తాగారా అమ్మా?" అంది. జన్మలో మందు ముట్టని మనిషి! కూర్చోబెడదామంటే నా బలం సరిపోవట్లేదు. ఆయన నా వైపు చూసి "నువ్వెవరు? ఏ క్లాసు?" అన్నారు.

నేనప్పుడు అరిచాను వదినా. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "తాగలేదు! షుగరు పడిపోయింది! రోగం నాకు కాదు, ఈయనకి! ఈ సూదులూ ఈయనవే, ఆ చీటీ ఈయన జేబులో ఉంది, ఎవరైనా తీపి ఇవ్వండి!"

ఆ అమ్మాయి ఇంకా "మాకు మీకని చెప్పారే" అంటూ నిలబడింది. "ఎవరు చెబితే ఏంటమ్మా, మనిషిని చూడు!" అన్నాను. చెయ్యి చాపిన పెద్దాయన జేబులోంచి చాక్లెట్టు తీసిచ్చాడు. మీ తమ్ముణ్ణి ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఇంకో గ్లాసు రసం వచ్చింది. మింగు, మింగు అంటూ చంటిపిల్లాడికి పట్టినట్టు గుక్క గుక్కా పట్టాను. నా చేతులు వణకలేదు. తర్వాత వణికాయి, అది వేరే సంగతి.

కాసేపటికి నా భుజం మీద తల వాల్చారు. కళ్ళు మూసుకునే ఏదో గొణుగుతున్నారు. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఏమన్నారో చెప్పనా?

"అక్కకి చెప్పకు. నేనేగా అన్నాను, నోరు కట్టుకోలేదని. అక్క కన్ను పోతే... తర్వాత నాదీ పోతుందా?"

అంత మాటన్నారు.

...కళ్ళు తుడుస్తానుండండి. ఆ కట్టు తడవకూడదు. ఏడవొద్దని ముందే చెప్పానా లేదా? నేనూ అక్కడే ఏడ్చేదాన్ని, కానీ అప్పుడే ఆయన తేరుకున్నారు. తేరుకుని మొదట ఏమన్నారో వినండి, మీ ఏడుపు ఆగిపోతుంది.

చొక్కా చూసుకున్నారు. "ఏంటిది, రసం ఒలకబోశావా? నీ చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో. నీకు షుగరు పడిందేమో!"

ఒక్క ముక్క గుర్తులేదు వదినా! ఈల గుర్తులేదు, డ్రిల్లు గుర్తులేదు, నేను అరిచింది గుర్తులేదు. విమానంలో అందరికీ తెలిసిపోయింది, ఒక్క ఆయనకి తప్ప. దిగేటప్పుడు ఆ పెద్దాయన "ఆరోగ్యం జాగ్రత్తండీ" అన్నాడు. మీ తమ్ముడు నన్ను చూపించి "నేను చూసుకుంటానండీ" అన్నారు. ఇక మీ గుమ్మంలో అడుగు పెడుతూనే కోడలు పిల్లకి నా గురించి చెప్పేసినట్టున్నారు. అందుకే ఈ చప్పటి కాఫీ!

ఏంటి? ఏమన్నారు?

ఇప్పుడు చెప్పింది కాదా?

మళ్ళీ చెప్పండి. రెండేళ్ళ కిందటే చెప్పారా? నాకు షుగరని? మీకు ఫోను చేసి?

అయ్యయ్యో! నేనేదో ఆ పరుగు పిల్ల ఎదురుపడేసరికి కంగారులో నోరు జారారనుకున్నాను. కాదన్నమాట! ముందే నాకు రాసిచ్చేశారన్నమాట! అందుకేనా మీ పెద్దవాడి పెళ్ళిలో అందరూ నన్ను చూసి "చిక్కిపోయావు పాపం" అన్నది? అందుకేనా మీరు మెత్తటి చెప్పులు పంపించింది? అవి నా కాలికి పడవల్లా ఉన్నాయి వదినా. సైజు ఎవరు చెప్పారు మీకు? ఆయనేనా? మరేం! రోజూ ఇంట్లో ఆయనే తొడుక్కు తిరుగుతారు. "పారెయ్యడమెందుకు" అని!

ఆగండాగండి. అయితే వారం వారం మీకు ఫోను చేసి అడిగేది నా గురించా? "నీ మరదలికి పొద్దున్నే ఎక్కువుంటోంది, ఏం చెయ్యమంటావక్కా" అనా? అడిగి, మీరు చెప్పింది వచ్చి నాకు చెప్పేవారు. "అక్క అన్నం తగ్గించమంది. ఇద్దరం తగ్గిద్దాం." "అక్క రాత్రి భోంచేశాక నడవమంది. పద, నీకు తోడు వస్తాను." నాకెందుకు నడకంటే, "అక్క మాట కాదంటావా" అని కళ్ళెర్రజేసేవారు. నేనేమో మీకు నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను!

అంటే ఇన్నాళ్ళూ తమ్ముడికి వైద్యం చేసింది మీరేనన్నమాట. ఆయన మిమ్మల్ని తిట్టిన నోటితోనే మిమ్మల్ని అడిగి బతుకుతున్నారు. మీరు చెప్పిన ప్రతి ముక్కా పాటించారు వదినా. నా పేరు మీద!

కోపమా? ఎందుకుండదు! లేపి నిలదీద్దామంటారా? నిలదియ్యచ్చు. మీరే పిలిచి అడగండి. మీరడిగితే కూలబడిపోతారు, నాకు తెలుసు. కూలబడాలి కూడా. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ సంచీ ఆయన భుజానే ఉండాలి, ఆ చీటీ ఆయన చేతిలోనే ఉండాలి. ఇంకోసారి మందినీ పరువునీ చూసుకుంటూ కూర్చుంటే మనిషి దక్కడు.

కానీ ఒకటి చెప్తాను. ఎవరితోనూ అనకండి. ఆ కోడలు పిల్లతో అసలే అనకండి.

ఆ చక్రాల కుర్చీలో కూర్చున్నాను చూశారూ... బాగుంది వదినా.

సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా బాగుంది. ఎవరో నన్ను తోసుకెళ్తున్నారు. నా సంచీ ఎవరో మోస్తున్నారు. ఆ పరుగు పిల్ల నా మోకాళ్ళ మీద తన శాలువా కప్పింది. విమానంలో ఆ అమ్మాయి నా వీపు వెనక దిండు పెట్టి "ఎలా ఉందమ్మా" అని అడిగింది. నన్నెవరైనా అలా అడిగి ఎన్నేళ్ళయిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. రోగం ఆయనకి, పరామర్శ నాకు! ఇక్కడికొచ్చాక నాకు లేదని గుమ్మంలోనే చెప్పెయ్యచ్చు కదా? ఎందుకు చెప్పలేదనుకుంటున్నారు? మీ కోడలు నా మంచం తనే వేసింది. నా చీర తనే మడతపెట్టింది. రుచి మరిగాను వదినా. అదీ సంగతి.

ష్... లేచినట్టున్నారు. చెప్పుల చప్పుడు వస్తోంది. మీరు కళ్ళు మూసుకోండి.

రండి, అక్కయ్య నిద్రపోతున్నారు. మీరు బిస్కట్లు తిన్నారా? రక్తం చూసుకున్నారా... అదే, నాది చూస్తారా అని! సరేలెండి, తర్వాత చూద్దురు. నాకేనా? ఏమో మరి, ఒళ్ళంతా నీరసంగా ఉందండీ. కాళ్ళు లాగేస్తున్నాయి. లేచి నిలబడితే పడిపోయేట్టున్నాను. కోడలు పిల్లని ఇబ్బంది పెట్టలేం కదా, వంటింట్లో మధ్యాహ్నం గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి...

వెళ్ళారు వదినా. వింటున్నారా? కుళాయి విప్పారు. ఈసారి నిజంగా గిన్నెలకే!

రేపు చెబుదాంలెండి. కాస్త అటు జరగండి, మీ పక్కనే నడుం వాలుస్తాను.